జాఫ్తా ఫెబ్రువారీ గోనెసంచి

జాఫ్తా ఫెబ్రువారీ శనివారం నలుగురి ముందూ తుమ్మ పీకుతాడనీ, మిగతా రోజుల్లో ఎవరూ చూడకుండా అదే కొండ మీద తుమ్మగింజలు చల్లి వస్తాడనీ మా బేతేల్‌క్లూఫ్‌లో ఒక మాట పుట్టింది. పుట్టిన చోటు సీనా అపోలిస్ కొట్టు అరుగు. అక్కడ పుట్టిన మాట అక్కడ ఉండదు. మొన్న పక్క ఊరికి పెళ్ళికి వెళ్తే వంటసాలలో ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళు కూడా నన్ను ఆపి, "మీ ఊళ్ళో ఎవరో ముసలాయన గింజలు చల్లుతాడటగా" అన్నారు. ఇలాగే వదిలేస్తే ఆయన సమాధి రాయి మీద కూడా ఇదే చెక్కేలా ఉన్నారు. కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో కొంత నా కళ్ళతో చూశాను. మిగతాది అడిగి తెలుసుకున్నాను. అడగడానికి నేను ఎన్నడూ మొహమాటపడలేదు.

మా కొండ మీది తుమ్మ మాది కాదు, ఆస్ట్రేలియాది. ఎర్రకంటి తుమ్మ అంటాం. నల్లటి గింజ చుట్టూ ఎర్రటి పోగు ఉంటుంది, కోపంగా చూస్తున్న కన్నులా. దాని కట్టె మాత్రం మహా మంచిది. నిప్పు చాలాసేపు నిలుస్తుంది, పొగ కళ్ళల్లో పడదు. ఆదివారం పెరట్లో మాంసం కాల్చుకునే వాళ్ళకి వేరే కట్టె నచ్చదు. జాఫ్తా ముప్ఫై ఏళ్ళపాటు పెద్దరోడ్డు పక్కన ఆ కట్టెల మోపులే అమ్మాడు. కేప్‌టౌన్ నుంచి వచ్చే కార్లు ఆగేవి.

"కట్టె బాగా ఎండిందేనా, జాఫ్తా బాబాయ్?"

"నా మోకాళ్ళకన్నా ఎండింది, ఎక్కించుకో."

అదీ ఆయన వ్యాపారం. ఎవరినైనా నవ్వించి పంపేవాడు. వాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు.

ఇంతలో మా వీధి పక్కన పారే కాలువ ఎండిపోయింది. ఆ కాలువ నీళ్ళతోనే మా తోటల్లో బీన్సూ గుమ్మడీ. కొండ మీది ఊట మీద తుమ్మ ఎక్కి కూర్చుని నీళ్ళన్నీ తాగేస్తోందని చెప్పడానికి స్ట్రాండ్‌కాప్ భూరక్షణ సంఘం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు అనెలిసా, ఖోసా తెగ పిల్ల, గొంతు మాత్రం చర్చి గంటంత. చర్చి హాల్లో మీటింగు పెట్టింది. మాంసం పఫ్‌లు ఇస్తారని తెలిసి ఊరంతా వెళ్ళాం. ఆమె మాట్లాడినంతసేపూ కొండ మీది ప్రోటియా పూల గురించే మాట్లాడింది. అప్పట్నుంచి మాకు వాళ్ళు పూలవాళ్ళు.

అందరూ పఫ్‌లు తింటుంటే జాఫ్తా లేచాడు.

"అమ్మాయ్, తుమ్మంతా కొట్టేస్తే నేనేం అమ్ముకోవాలి? పూలా?"

"మీరే కొట్టండి, మీరే అమ్ముకోండి, తాతా" అంది అనెలిసా. "వితంతువుల ఇళ్ళకి ముందు పంచండి, మిగిలింది మీది. కానీ కొండ మీద ఒక్కటీ నిలబడకూడదు."

"అంటే నేను కూర్చున్న కొమ్మ నన్నే నరుక్కోమంటావు."

"కింద కాలువలో నీళ్ళుంటాయి కదా, పడ్డా దెబ్బ తగలదు."

హాలంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది జాఫ్తాయే. మర్నాడే గొడ్డలి భుజాన వేసుకుని కొండెక్కాడు. కొన్నాళ్ళకి మా ఊరి గుంపుకి ఆయనే పెద్ద అయ్యాడు. ప్రతి నెలా మొదటి శనివారం ఊరివాళ్ళూ, టోపీలు పెట్టుకుని పట్నం నుంచి వచ్చేవాళ్ళూ కలిసి కొండెక్కుతారు. చిన్న మొక్కని ఇనుప మీటతో వేళ్ళతో సహా లాగుతారు, పెద్దదాన్ని రంపంతో కోస్తారు. జీతం లేదు. టీ ఉంటుంది, నిప్పుల మీద కాల్చిన రొట్టె ఉంటుంది, ఆప్రికాట్ జామ్ ఉంటుంది.

జీతం లేని పనికి జనాన్ని రప్పించడం ఎలాగో జాఫ్తాని అడగాలి. ఆయన దగ్గర ఇద్దరు పట్టుకుని లాగే పెద్ద రంపం ఒకటి ఉంది. ఊళ్ళో ఎవరెవరు మాట్లాడుకోవడం లేదో ఆయనకి తెలుసు. సరిగ్గా వాళ్ళిద్దరినే పిలిచి చెరో కొస అప్పగిస్తాడు. ఆ రంపం ఎలాంటిదంటే, అవతలి మనిషి లాగినప్పుడు నువ్వు వదలాలి, నువ్వు లాగినప్పుడు అవతలి మనిషి వదలాలి. పంతానికి పోతే మధ్యలో బిగుసుకుపోయి కూర్చుంటుంది. నన్నూ సీనానీ కూడా ఒకసారి అలాగే జత చేశాడు. కంచె దాటి వచ్చిన దాని కోళ్ళ గురించి మేం మాట్లాడుకోవడం మానేసిన రోజులవి.

"లాగవే" అన్నాను.

"నువ్వు వదిలితేగా లాగేది" అంది.

"నీ కోళ్ళని నువ్వు వదల్లా?"

"ఆడవాళ్ళూ" అన్నాడు జాఫ్తా పక్కనుంచి, "చెట్టు కింద పడేలోగా కోళ్ళ సంగతి తేల్చుకోండి. పడ్డాక రెండోది చూపిస్తాను."

చెట్టు పడేసరికి కోళ్ళ సంగతి తేలిపోయింది. ఆ మధ్యాహ్నం సీనా నాకు గుడ్లు పంపింది. అలా కొండ మీద తుమ్మ తగ్గింది, ఊళ్ళో తగవులూ తగ్గాయి. రెండో వానాకాలానికి కాలువలో సన్నగా నీళ్ళు కదిలాయి. కొండవాలు మీద మా అమ్మ చెప్తుండగా వినడమే తప్ప నేనెప్పుడూ చూడని పసుపు పూలు పూశాయి. సాయంత్రాలు ముసలాళ్ళం కాలువ గట్టున కూర్చుని, పనేం లేకపోయినా నీళ్ళు చూసేవాళ్ళం.

గింజల మాట పుట్టింది ఈ సంతోషం మధ్యలోనే.

సంఘం పెద్దలు ఈస్టర్‌కి ముందు వచ్చి కొండంతా నడిచి చూస్తారని కబురొచ్చింది. కాయ కాసే చెట్టు ఒక్కటి కూడా కనబడకపోతే, కొండ చర్చిది కనుక, చర్చి వాళ్ళతో ఒప్పందం రాసుకుంటారు. ఆ సంతకం పడితే సెలవుల బంగళాలు కట్టేవాళ్ళు ఇక మా కొండ వైపు కన్నెత్తి చూడలేరు, ఏటేటా మొలిచే తుమ్మ మొలకల్ని పీకడానికి పూలవాళ్ళు మనుషుల్ని పంపుతూనే ఉంటారు. పడకపోతే వాళ్ళు సామాన్లు సర్దుకుని అవతలి లోయకి వెళ్ళిపోతారు, రెండు వానాకాలాల్లో కొండ మళ్ళీ తుమ్మ పాలవుతుంది. జాఫ్తా ఇన్నేళ్ళ చెమట మొత్తం ఆ ఒక్క నడక మీద ఆధారపడి ఉంది.

అయితే కొండ పైన, రెండు రాతి గుట్టల మధ్య ఒక పల్లం ఉంది. అక్కడ ఏపుగా పెరిగిన తుమ్మలు మూడు, వాటి చుట్టూ దట్టంగా పిల్ల తుమ్మలు. గుంపు అటు తిరిగితే చాలు జాఫ్తా అడ్డం వచ్చేవాడు. "అటొద్దు, అక్కడ పసుపు తాచు కాపురం పెట్టింది" అనేవాడు. మిగతా రోజుల్లో మాత్రం తానొక్కడే, వీపు మీద గోనెసంచి వేసుకుని, ఆ దారినే వెళ్ళేవాడు.

సీనా ఒకనాడు నన్ను కొట్టులోకి పిలిచి, తలుపు ఓరగా వేసి, గుప్పిట తెరిచింది. నల్లటి గింజలు, ఎర్రటి పోగుల్తో.

"ఎక్కడివే ఇవి?"

"జాఫ్తా నడిచిన దారిలో ఏరాను. సంచిలోంచి రాలాయి. ఇంకా ఏం కావాలి నీకు, రాగెల్? చెట్లు అయిపోతే వాడి వ్యాపారం అయిపోతుంది. అందుకని మనచేత ఊరికే కొట్టించుకుంటూ, వెనకనుంచి కొత్త పంట వేసుకుంటున్నాడు."

"వాడు అలాంటివాడు కాడు."

"అయితే ఆ సంచిలో ఏముందో నువ్వు చెప్పు."

నాకు తెలియని సంగతి ఊళ్ళో ఒకటుందంటే నాకు అన్నం సహించదు. బుధవారం మధ్యాహ్నం కర్ర పట్టుకుని జాఫ్తా వెనకాలే బయల్దేరాను. ఆయన ముందు, నేను వెనక, దూరంగా. మోకాళ్ళు తిట్టుకుంటూనే ఎక్కాయి.

పల్లం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు వినబడింది. ఈనలేక అవస్థపడుతున్న ఆవు మూలిగినట్టుంది. కాస్త ఆగి మళ్ళీ మూలిగింది. పిల్ల తుమ్మల్ని కర్రతో పక్కకి తోసి తొంగి చూశాను. గోనెసంచి పరుచుకుని దాని మీద కూర్చున్నాడు జాఫ్తా. ఒళ్ళో ఇత్తడి బూర. బుగ్గలు రెండూ గుమ్మడికాయల్లా ఉబ్బి ఉన్నాయి.

నన్ను చూసి బుగ్గల్లో గాలి అలాగే ఉంచేసుకున్నాడు. తర్వాత మెల్లగా వదిలాడు.

"పాములున్నాయని చెప్పానా లేదా?"

"ఆ చప్పుడు విన్నాక ఏ పాము ఉంటుంది, జాఫ్తా?"

ఆయన కోప్పడలేదు. పక్కకి జరిగి సంచి మీద చోటిచ్చాడు. కూర్చున్నాను. పైనుంచి ఎండు కాయలు చిటపటమని పగిలి గింజలు సంచి మడతల్లో పడుతున్నాయి. సీనా గుప్పిట్లోవి ఎక్కడివో అప్పుడు అర్థమైంది.

మా ఊళ్ళో ఈస్టర్ నాడు తెల్లవారుతుండగా బూరల మేళం ముందు నడుస్తుంటే ఊరంతా సమాధుల దగ్గరికి వెళ్తాం. ముందురోజే సమాధులకి సున్నం కొట్టి, తెల్లటి ఇసుక పోసి, పూలు పెట్టి ఉంచుతాం. సూర్యుడు పైకి రాగానే మేళం ఎత్తుకుంటుంది. ఆ మేళంలో నిలబడడం మా ఊరి మగాళ్ళకి పెద్ద గౌరవం. జాఫ్తా కుర్రవాడిగా ఉన్నప్పుడు అడగడానికి వెళ్తే మేళం పెద్ద ఏశావు విండ్‌ఫోగెల్ అందరి ముందూ, "నీకు స్వరం పట్టే చెవి లేదురా. చెవులే కావాలనుకుంటే నేను గాడిదని చేర్చుకుంటాను" అన్నాడట. ఏశావు ఇప్పుడు చర్చి పెద్ద కూడా. ఆ మాట అన్నట్టు ఆయనకి గుర్తుందో లేదో. జాఫ్తాకి మాత్రం పొల్లుపోకుండా గుర్తుంది. మేళం వాళ్ళు పారేసిన సొట్టల బూర ఒకటి ఏరుకొచ్చి, మాట్లు వేసుకుని, ఏడాదిగా ఈ పల్లంలో నేర్చుకుంటున్నాడు.

"ఒక్క ఈస్టర్‌కి ఆ వరసలో నిలబడాలి, రాగెల్. తర్వాత నన్ను అక్కడే పాతిపెట్టినా సరే."

"దానికి కొండెక్కాలా? ఇంట్లో ఊదుకోరాదూ?"

"ఇంట్లో ఊదితే వీధికి వినపడుతుంది. వీధిలో వినపడితే సీనాకి తెలుస్తుంది. సీనాకి తెలిస్తే జిల్లాకి తెలుస్తుంది. ఇక్కడైతే చప్పుడంతా ఈ ఆకుల్లోనే ఇంకిపోతుంది."

"నాకు వినపడిందిగా."

"నీ చెవులు నీకన్నా ముందు నడుస్తాయి. నీ లెక్క వేరు."

"పూలవాళ్ళ పెద్దలు ఈస్టర్‌కి ముందే వస్తున్నారు."

"తెలుసు."

"ఈ మూడూ నిలబడి ఉంటే సంతకం లేదు."

"తెలుసన్నానుగా." బూర గొట్టాన్ని చొక్కాతో తుడిచాడు. "ఈస్టర్ పాట రెండో చరణంలో ఒక దిగుడు ఉంది, స్వరం గభాల్న కిందికి దిగాలి. అక్కడ కాలు జారుతోంది. అదొక్కటీ కుదిరిందంటే నేనే నరికేస్తాను."

"కుదరకపోతే?"

ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. ఇంటికొచ్చాక సీనా మూడుసార్లు ఏదో వంకన వచ్చింది. మూడుసార్లూ నోట్లో బిస్కట్టు పెట్టుకుని కూర్చున్నాను.

శనివారం వచ్చింది. అనెలిసా బండి వెనక తలుపు దించి మీటలూ రంపాలూ పరిచింది. పట్నంవాళ్ళు టోపీలు సర్దుకుంటున్నారు. సీనా జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆ రంపాల మధ్య గింజలు గుప్పెడు పోసింది.

"ఇవి ఎవరి సంచిలోంచి రాలాయో అడగండి. ఆ పల్లంలో ఏం దాచాడో కూడా అడగండి."

అనెలిసా గింజల్ని చూసింది, జాఫ్తాని చూసింది. ఏశావు ముందుకొచ్చాడు.

"జాఫ్తా, సంచిలో ఏముంది? గింజలే అయితే ఇప్పుడే చెప్పు. ఈ గుంపుకి వేరే పెద్దని చూసుకుంటాం."

జాఫ్తా ఏశావు మొహంలోకి చూశాడు. బూర అని ఒక్క మాట అంటే చాలు, నిందలోంచి బయటపడిపోతాడు. కానీ ఆ మాట అనాల్సింది ఏ మనిషి ముందు? నా నాలుకని పళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాను. అంత కష్టమైన పని పురుడు పోసుకున్నప్పుడు కూడా చేయలేదు.

"సంచి సంగతి తర్వాత" అన్నాడు జాఫ్తా చివరికి. "ఇవ్వాళ పని పైన పల్లంలో. అందరూ పదండి. సీనా, పెద్ద రంపం రెండో కొస నీదే."

"తాచు?" అన్నాడు పట్నం ఆయన ఒకడు.

"దానికి నోటీసు ఇచ్చేశాను."

ఊరంతా ఆయన వెనకే ఎక్కింది. పల్లంలో ఆయన అందరికన్నా ముందు వెళ్ళి, కొమ్మల్లో ముందే దాచిన గోనెసంచి దించి, నా చేతుల్లో పెట్టాడు. సంచి మూతి వదులుగా ఉంది. ఎండ పడి లోపల ఇత్తడి తళుక్కుమంది.

"ఇదేంటి" అంది సీనా, "తుమ్మకి ఇత్తడి కాయలు కూడా కాస్తాయా?"

"రంపం పట్టు" అన్నాడు జాఫ్తా.

ఆ పొద్దు ఆ రంపం బిగుసుకోలేదు. మొదటి చెట్టు వాళ్ళిద్దరే కోశారు. రెండోదానికి ఏశావు వచ్చి సీనా చేతిలోని కొస తీసుకున్నాడు. ఇద్దరు ముసలాళ్ళూ ఒకరినొకరు చూడకుండా లాగారు, వదిలారు, లాగారు. మూడోది పడేసరికి పల్లంలోకి ఆకాశం వచ్చేసింది. కింద మా గడ్డి కప్పు ఇళ్ళూ, చర్చీ, సమాధులూ, దూరంగా సముద్రపు గీతా అన్నీ కనబడ్డాయి. పిల్ల తుమ్మల్ని మీటలు పట్టుకున్నవాళ్ళు చూసుకున్నారు.

టీ పోస్తుంటే ఏశావు సంచిలోంచి బూర తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని నేను పారేశాను."

"పారేసిన చెట్లూ పారేసిన బూరలూ. అదే నా వ్యాపారం."

"ఊదు."

"ఇక్కడా? చెట్లన్నీ పోయాయి. ఊరంతటికీ వినపడుతుంది."

"బూర ఉన్నదే అందుకు."

జాఫ్తా నిలబడ్డాడు. పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం బాగానే నడిచింది. రెండోదానిలో ఆ దిగుడు వచ్చింది. ఆయన అక్కడ కాలు జారాడు. జారినా ఆగకుండా లేచి, పరుగెత్తి పాటని అందుకున్నాడు. పట్నంవాళ్ళు చప్పట్లు కొట్టారు. మేం కొట్టలేదు, ఏశావు మొహమే చూస్తున్నాం.

"మూడో వరసలో" అన్నాడు ఏశావు. "చివర. ఆ దిగుడు దగ్గర బూర నోటికి పెట్టుకో, ఊదకు."

"మరి చెవి సంగతి?"

ఏశావు గడ్డం గోక్కున్నాడు. ఆయనకి గుర్తుందన్నమాట. "వయసొస్తే అందరికీ చెవులు పెరుగుతాయట" అన్నాడు. ఆపైన ఆయనే ఒక రొట్టె చీల్చి జామ్ రాసి జాఫ్తాకి ఇచ్చాడు.

దిగి వస్తున్న దారిలో సీనా పట్నంవాళ్ళకి చెబుతోంది: "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, అదేదో ఊదే వ్యవహారమని."

సంఘం పెద్దలు వచ్చారు, కొండంతా నడిచారు, పల్లంలో కొత్త మోళ్ళు చూసి తలాడించారు. చర్చి హాల్లో సంతకాలు పడ్డాయి. ఈసారి పఫ్‌లు మేమే చేశాం. అనెలిసా గిన్నెల నిండా పట్టుకెళ్ళింది. ఈస్టర్ నాడు మూడో వరస చివర, ఎప్పుడో పెళ్ళికి కుట్టించుకున్న కోటులో, జాఫ్తా నిలబడ్డాడు. దిగుడు దగ్గర ఊదవద్దన్నారు కదా, ఊదాడు. ఈసారి జారలేదు. ఏశావు వెనక్కి తిరగలేదు గానీ ఆయన వీపు నవ్వడం నేను చూశాను.

ఇంత జరిగినా ఆ మాట చావలేదు. పెళ్ళి వంటసాలలో విన్నది ఇదంతా అయ్యాకే. నాకైతే అనుమానం లేదు. కానీ ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది: ఇంతమంది ఇన్ని అన్నారు గానీ, ఆ మనిషిని సూటిగా ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

కిందటి శనివారం పల్లంలో మొలకలు పీకుతున్నాం. ఆయన ఒక రాయి మీద కూర్చుని మీటకి అంటిన మట్టి గీకుతున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా చేతిలో రొట్టె ఉంది.

"జాఫ్తా, నా మొహం చూసి చెప్పు. ఈ కొండ మీద నువ్వు ఎప్పుడైనా ఒక్క తుమ్మగింజైనా చల్లావా?"

ఆయన మీట పక్కన పెట్టాడు.

"చల్లాను. ఒక్కటి కాదు, డబ్బాడు. రెండో తరగతిలో. ఇసుక గాలికి లేచి ఇళ్ళలోకి వస్తోంది, తుమ్మ మొలిస్తే ఆగుతుందని మాస్టరు తలా ఓ డబ్బా గింజలిచ్చి క్లాసంతటినీ కొండెక్కించాడు. నీకప్పుడు గవదబిళ్ళలు, ఇంట్లో పడుకున్నావు. ఎవరు ఎక్కువ దూరం విసిరితే వాళ్ళకి జామ్ బన్ను అన్నాడు. సీనా ఎదురుగాలికి విసిరింది, అన్నీ వెనక్కొచ్చి దాని జడలోనే పడ్డాయి. బన్ను నాకే వచ్చింది. అందుకే, రాగెల్, ఒక్కో మొక్క పీకినప్పుడల్లా నాకు ఆకలేస్తుంది. ఆ రొట్టె ఇటివ్వు."